‘స్టేజీలా ఉంది, తగ్గించండి’ అన్నారు. ఏం తగ్గించాలి?

ప్రశ్న: మాస్టారూ, నా వయసు 34. 12 ఏళ్లుగా నాటకాలు ఆడుతున్నాను. పోటీల్లో నాలుగుసార్లు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. చిన్న ఉద్యోగం ఉంది. ఇంట్లో భార్య, ఆరేళ్ల పాప. మొన్న ఒక టీవీ సీరియల్ ఆడిషన్‌కి వెళ్లాను. మొదటి డైలాగు పూర్తికాకుండానే ఆపి ‘మరీ స్టేజీలా ఉందండీ, తగ్గించండి’ అన్నారు. తగ్గించి చెప్పాను. ఈసారి ‘ఏమీ కనిపించడం లేదండీ’ అన్నారు. బయటికి వచ్చాక ఒకాయన కలిసి, కొంత డబ్బు కడితే సినిమాలో మంచి వేషం ఇప్పిస్తానన్నాడు. మా నాటక దర్శకుడుగారేమో ‘కెమెరా ముందుకు వెళ్తే నటుడు చచ్చిపోతాడు’ అంటారు. ఇన్నేళ్ల రంగస్థలం నాకు అడ్డమైపోయిందా? ఉద్యోగం మానేసి పూర్తిగా ఇటు వచ్చేయాలా? టీవీ ముందా, సినిమా ముందా? ఇప్పుడు మరో సీరియల్ వాళ్లు వీడియో పంపమన్నారు. వాళ్లు చెప్పిన షూటింగు తేదీల్లోనే మా కొత్త నాటకం ప్రదర్శన ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపేసినవి ఆ రెండు మాటలు. ‘స్టేజీలా ఉంది’, ‘ఏమీ కనిపించడం లేదు’. ఈ రెండూ ఒకే మనిషికి, అయిదు నిమిషాల తేడాలో, ఒకే సీను గురించి చెప్పారు. నాకూ చెప్పారు ఒకప్పుడు. అందుకే ఉద్యోగం, డబ్బు, తేదీలు తర్వాత చూద్దాం. ముందు దీని సంగతి తేల్చుకుందాం.

నేను కెమెరా ముందు నిలబడ్డ మొదటి రోజు నాకిచ్చిన సీను, కొడుకు పోయాడన్న కబురు విన్న తండ్రిది. నాటకంలో అలాంటి ఘట్టాలు ఎన్నో చేశాను. చివరి వరుసలో కూర్చున్నవాళ్లు కళ్లు తుడుచుకోవడం స్టేజీ మీంచి చూశాను. ఆ ధైర్యంతోనే చెప్పాను. చెప్పగానే సౌండ్ చూసే కుర్రాడు చెవులకున్న హెడ్‌ఫోన్ తీసేశాడు. దర్శకుడు మర్యాదస్తుడు, నన్ను మానిటర్ దగ్గరికి పిలిచి చూపించారు. అందులో దుఃఖపడుతున్న మనిషి లేడు. దుఃఖాన్ని ఎవరికో చూపిస్తున్న మనిషి ఉన్నాడు. ‘తగ్గించండి’ అన్నారు. తగ్గించాను. గొంతు తగ్గింది, చేతులు ఆగాయి, వాటితోపాటే లోపలి దుఃఖం కూడా ఆరిపోయింది. 11 టేకులు అయ్యాక కెమెరాని నా వెనక పెట్టి, వీపు మీదనే సీను ముగించేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు నటనే రాదేమో అనుకున్నాను.

అసలు సంగతి తెలియడానికి చాలాకాలం పట్టింది. ఏళ్ల తరబడి స్టేజీ మీద గొంతుకీ గుండెకీ ఒకే తాడు కట్టి లాగడం అలవాటైపోతుంది. దుఃఖం పెరిగితే గొంతు పెరుగుతుంది, గొంతు పెరిగితే దుఃఖం పెరుగుతుంది. నాటకానికి అది అవసరం కూడా, ఎందుకంటే లోపలున్నది 50 అడుగుల దూరం ప్రయాణించాలి. కెమెరా ముందు ఆ తాడు విప్పాలి. గొంతు కిందికి దిగినా గుండె అక్కడే ఉండగలగాలి. ‘తగ్గించండి’ అన్నప్పుడు మీరు రెండింటినీ కలిపి దించేశారు. అందుకే ‘ఏమీ లేదు’ అన్నారు. వాళ్లు చెప్పింది తప్పు కాదు, చెప్పిన తీరు చాలలేదు. మంట తగ్గించమని కాదు వాళ్ల ఉద్దేశం. మంట అలాగే ఉంచి పైన మూత పెట్టమని. లోపల ఉడుకుతున్నది మూత కదలికలో తెలుస్తుంది, కెమెరాకి ఆ కదలిక చాలు.

మన నాట్యశాస్త్రం ఈ తేడాని ఎప్పుడో పట్టుకుంది. ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషధారణ), సాత్వికం (లోపలి భావం) అని అభినయాన్ని నాలుగుగా చెప్పి, ప్రదర్శన పద్ధతిని నాట్యధర్మి, లోకధర్మి అని రెండుగా చూసింది. లోకంలో మనుషులు ఎలా ఉంటారో అలా చేయడం లోకధర్మి, రంగం కోసం దాన్ని మలచి, పెంచి, సంకేతంగా చూపడం నాట్యధర్మి. మీరు 12 ఏళ్లు నాట్యధర్మి వైపు ఎక్కువ మొగ్గిన పని చేశారు. కెమెరా లోకధర్మి వైపు మొగ్గుతుంది, సాత్వికాన్ని మిగతా మూడింటికంటే ముందుగా చూస్తుంది. కంట్లో నీరు తిరగకముందు కనురెప్ప కింద వచ్చే చిన్న బిగువు చివరి వరుసకి ఎప్పటికీ చేరదు. క్లోజప్‌లో అది పెద్ద సంఘటన. సాత్వికం మీ దగ్గర లేకపోతే నాలుగు బహుమతులు వచ్చేవి కావు. దాన్ని ఇన్నాళ్లూ ఆంగికం, వాచికం మోసుకెళ్లాయి. ఇప్పుడది తనంతట తాను నడవాలి.

ఇంకొకటి కూడా మనసులో పెట్టుకోండి. సినిమాలో అర్థాన్ని మీరొక్కరే తయారు చేయరు. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లేవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. ఇవాన్ మొజూఖిన్ అనే నటుడి ముఖం ఏ ప్రత్యేక భావమూ లేకుండా ఉన్న ఒకే ఫిల్ము ముక్కని తీసుకుని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఇలా వేర్వేరు దృశ్యాలతో కలిపి చూపించాడు. చూసినవాళ్లు ఒకచోట ఆ ముఖంలో ఆకలిని, ఇంకోచోట దుఃఖాన్ని చూశారు. ముఖం మారలేదు, పక్కనున్న షాట్ మారింది. స్టేజీ మీద మనకి ఎడిటర్ ఉండడు. ఎక్కడ చూడాలో, ఎంతసేపు చూడాలో, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో అన్నీ మన ఒంటితోనే చెప్పాలి. కెమెరా ముందు ఆ బరువులో సగం ఇంకొకరు మోస్తారు. మోయనివ్వాలి. మన నాటక నటులకి అతి కష్టమైనది ఇదే, నమ్మి వదిలేయడం.

ఇక సాధన. మీ కొత్త నాటకంలోంచే ఒక చిన్న డైలాగు తీసుకోండి, నాలుగైదు వాక్యాలు చాలు. ముందు ఎప్పటిలాగే చివరి వరుసకి చెప్పండి. అదే డైలాగు గదికి అవతలి గోడ దగ్గర కూర్చున్న మనిషికి చెప్పండి. తర్వాత మీ పాప నిద్రపోతుండగా పక్కనే ఉన్న మీ భార్యకి, పాప లేవకుండా చెప్పండి. మూడోసారి చెప్పేటప్పుడు కోపం కోపంగానే ఉందా, లేక గుసగుసలోకి జారి మెత్తబడిందా గమనించండి. మెత్తబడితే తాడు ఇంకా విడిపోలేదని అర్థం. ఫోన్‌లో తీసి చూసుకోండి, కానీ వెంటనే చూడకండి. ఒక రోజు ఆగి చూస్తే మీరు అనుకున్నది కాక, నిజంగా తెర మీద ఏముందో కనిపిస్తుంది. నెల రోజులు ఇలా చేయండి. విసుగు పుడుతుంది. పుట్టినా చేయండి.

కళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎదుటి నటుడి రెండు కళ్ల మీదికీ మన చూపు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది, అది మామూలు మాటల్లో సహజమే. క్లోజప్‌లో మాత్రం తడబాటులా కనిపిస్తుంది. కెమెరాకి దగ్గరగా ఉన్న ఆయన కన్ను ఒక్కటే ఎంచుకుని దానితో మాట్లాడండి. సెట్లో ‘లుక్ ఇటు’ అని ఒక స్టాండునో, ఒకరి పిడికిలినో చూపిస్తారు. ఎదుటి నటుడు అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉండొచ్చు. ఆ పిడికిలినే మీ తండ్రిగా, మీ శత్రువుగా చూడగలగాలి. ఎదురుగా మనిషి లేకుండా నిండిన సభనే చూస్తూ స్వగతాలు చెప్పినవారికి ఇది కొత్త విద్యేమీ కాదు.

డైలాగు అయిపోగానే మన వంతు అయిపోయిందనుకోవడం స్టేజీ నటుల్లో నేను ఎక్కువగా చూసే లోపం. మంచి నాటక దర్శకులు దాన్ని అక్కడే సరిచేస్తారు, అందరికీ ఆ అదృష్టం ఉండదు. కెమెరా మీరు వింటున్నప్పుడే మీ దగ్గరికి వస్తుంది. ఎడిటింగ్‌లో ఎదుటివారి మాట నడుస్తుండగా మీ ముఖం మీదికి కట్ చేస్తారు. అక్కడ మీరు తర్వాతి డైలాగు గుర్తు చేసుకుంటూ దొరికిపోతే ఆ షాట్ వాడరు, వేరేవాళ్ల ముఖం వాడతారు. నిజంగా వినండి. నటిస్తూ వినకండి. అలాగే నవ్వు కోసమో, చప్పట్ల కోసమో ఆగే అలవాటు మీకు తెలియకుండానే ఉంటుంది. సెట్లో నవ్వరు, నవ్వితే టేకు పాడైపోతుంది కాబట్టి నోరు నొక్కుకుంటారు. ఆ నిశ్శబ్దాన్ని చూసి బాగా రాలేదేమో అనుకుని పెంచేయకండి.

కంటిన్యూటీ, అంటే ఒక షాట్‌లో చేసింది తర్వాతి షాట్‌లోనూ తేడా లేకుండా చేయడం, మీకు తేలికగానే పట్టుబడుతుంది. సీనంతా దూరం నుంచి తీసే మాస్టర్ షాట్‌లో ఏ మాట మీద కుర్చీలోంచి లేచారో, ఎదుటివారి భుజం మీదుగా తీసే సజెషన్‌లోనూ క్లోజప్‌లోనూ ఆ మాట మీదే లేవాలి. వందసార్లు ఒకే కదలికని ఒకే చోట చేసిన శరీరం మీది. కష్టం ఇంకోచోట ఉంది. నాటకంలో తెర లేచిన క్షణం నుంచి ఒక్కో మెట్టు ఎక్కుతూ చివరి ఘట్టానికి చేరతారు, ముందు జరిగినదంతా మిమ్మల్ని అక్కడికి మోసుకొస్తుంది. షూటింగులో మొదటి రోజే చివరి సీను తీయొచ్చు. లొకేషన్ దొరికిన వరసే కథ వరస. అందుకని ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి సీనుకీ, దానికి ముందు ఈ మనిషికి ఏం జరిగింది, ఎక్కడినుంచి వస్తున్నాడు, ఇప్పటివరకూ ఏ విషయం తెలుసు, ఏది తెలియదు అని నాలుగు ముక్కలు రాసుకోండి. ‘యాక్షన్’ అనేముందు ఆ పేజీ ఒక్కసారి చూడండి. నేను ఇప్పటికీ చేస్తాను.

మీ దర్శకుడుగారి మాటకి వస్తాను. ఆయన మీద కోపం తెచ్చుకోకండి. తయారుచేసిన నటులు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే మిగిలిపోయే మనిషి బాధ అది. కానీ ఆ మాట మాత్రం నిజం కాదు. జయప్రకాష్ రెడ్డిగారిని చూడండి. తెర మీద అంత పేరు వచ్చాక కూడా ‘అలెగ్జాండర్’ అనే ఏకపాత్ర నాటకాన్ని ఒంటిచేత్తో ఆడుతూ వచ్చారు. ‘రక్తకన్నీరు’ నాగభూషణంగారు సినిమాల్లో తీరిక లేకుండా ఉన్న రోజుల్లోనూ ఆ నాటకాన్ని ఊరూరా తిప్పారు, చివరికి నాటకం పేరే ఆయన ఇంటిపేరైపోయింది. నటుడు చచ్చిపోయేది కెమెరా ముందుకు వెళ్లినందుకు కాదు. ఒకసారి పనికొచ్చిన ముఖాన్నే మళ్లీ మళ్లీ అమ్ముకున్నప్పుడు. ఆ ప్రమాదం స్టేజీ మీద కూడా ఉంది, మనందరికీ తెలిసిన పేర్లే ఉన్నాయి.

ఉద్యోగం మానకండి. ఇది సలహా కూడా కాదు, బతిమాలుతున్నాను. కోట శ్రీనివాసరావుగారు బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన మనిషి. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరకెక్కారు. పేరు తెచ్చిన ‘ప్రతిఘటన’ వచ్చింది 1985లో. మధ్యలో ఏడేళ్లు ఉన్నాయి. జయప్రకాష్ రెడ్డిగారు ఉపాధ్యాయుడు. ‘బ్రహ్మపుత్రుడు’ 1988లో, జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్న ‘ప్రేమించుకుందాం రా’ 1997లో. ఎస్.వి.రంగారావుగారంతటి నటుడే మొదటి సినిమా ‘వరూధిని’ ఆడకపోతే జంషెడ్‌పూర్ వెళ్లి ఉద్యోగంలో చేరారు. తర్వాత మళ్లీ వచ్చి 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడయ్యారు. ఆ ఉద్యోగంలో చేరడాన్ని ఎవరైనా ఓటమి అంటే నేను ఒప్పుకోను. ఆకలి లేని నటుడు వేషం వద్దనగలడు. వద్దనగలిగినవాడికే కొన్నాళ్లకి మంచి వేషం వస్తుంది. చేతిలో జీతం లేకపోతే ఎవరేమిచ్చినా ఒప్పుకుంటారు, ఒప్పుకున్న ప్రతి చెత్త వేషమూ తర్వాతి వేషం ఎలా ఉండాలో నిర్ణయిస్తుంది. సెలవులు పెట్టుకుని చేయండి. నెలలో ఇన్ని రోజులు ఖాయంగా పని ఉంటుందని కాగితం మీద రాసి ఇచ్చేవాళ్లు దొరికి, దానితోపాటు ఏడాది ఇంటి ఖర్చు పక్కన ఉన్నప్పుడు మళ్లీ ఆలోచించండి. ఆ ఆలోచనలో మీ భార్యని కూర్చోబెట్టుకోండి. తేదీలు ఖాయం లేని ఇంటిని నడపబోయేది ఆమే.

వయసు గురించి మీరు అడగలేదు గానీ 34 అని మొదటి వాక్యంలోనే రాశారు, అందులో భయం కనిపించింది. అలన్ రిక్‌మన్ లండన్ రంగస్థలం మీద పండిపోయిన నటుడు. మొదటి సినిమా ‘డై హార్డ్’ 1988లో వచ్చేనాటికి ఆయనకి 42 ఏళ్లు. ఇర్ఫాన్ ఖాన్ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో చదువుకుని బయటికి వస్తూనే ‘సలాం బాంబే’కి ఎంపికయ్యాడు. అనుకున్న పాత్ర పోయి, చివరికి ఉత్తరాలు రాసిపెట్టే మనిషిగా కాసేపు కనిపించే వేషం మిగిలింది. అది 1988. ఆ తర్వాత ఏళ్లకేళ్లు టీవీ సీరియళ్లలో పనిచేశాడు. పేరు తెచ్చిన ‘హాసిల్’ వచ్చేసరికి 2003. ఈ పేర్లు చెప్పడంలో నా ఉద్దేశం మీరూ అలా అవుతారని మాటివ్వడం కాదు. అంత గొప్పవాళ్లకే అంతకాలం పట్టిందని. క్యారెక్టర్ ఆర్టిస్టుకి వయసు శత్రువు కాదు. మీకు హీరో వేషం రాదు, అది ఇప్పుడే మనసులోంచి తీసేయండి. తండ్రి, ఎస్సై, లాయరు, అన్నయ్య, గుమాస్తా వేషాలకి మీలాంటి గొంతు, మీలాంటి ఉచ్చారణ ఉన్నవాళ్లు తక్కువ. ‘ళ’, ‘ణ’ పలికే నటుడంటే డబ్బింగ్ థియేటర్లో ఎంత గౌరవమో వెళ్తే తెలుస్తుంది. డబ్బింగ్ చెప్పడానికి కూడా ప్రయత్నించండి. మైకు ముందు నిలబడి ఇంకొకరి పెదాలకి మాట అతికించే పని, గొంతుకీ గుండెకీ ఉన్న ఆ తాడుని ఏ శిక్షణ కంటేనైనా త్వరగా విప్పుతుంది.

వేషం ఎంత చిన్నదైనా ఒకటి చూసుకోండి. ఆ మనిషి అక్కడ ఉండటం వల్ల సీనులో ఏదైనా మారుతోందా? మారితే చేయండి. వయోలా డేవిస్ అమెరికా నాటకరంగంలో ఇచ్చే టోనీ పురస్కారం అందుకున్న నటి. 2008 నాటి ‘డౌట్’ సినిమాలో ఆమెకి చెప్పుకోదగ్గ సీను ఒక్కటే, కొడుకు గురించి మాట్లాడే తల్లిగా. ఆ ఒక్క సీనుకే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ సీను తీసేస్తే సినిమా కూలిపోతుంది, అదీ కొలత. వెనక నిలబడి తలూపే వేషాలు మాత్రం ఒకటి రెండుకి మించి చేయకండి. సెట్టు ఎలా నడుస్తుందో చూడటానికి అవి చాలు. అంతకంటే ఎక్కువ చేస్తే ‘ఆయనా? జూనియర్ ఆర్టిస్టు’ అన్న ముద్ర పడుతుంది. జూనియర్ ఆర్టిస్టులది చిన్న పని కాదు, వాళ్ల కష్టం నేను దగ్గర్నుంచి చూశాను. ముద్ర తుడుచుకోవడం కష్టమని చెబుతున్నానంతే.

టీవీ ముందా, సినిమా ముందా అంటే ఏది ముందు తలుపు తీస్తే అది. టీవీని చిన్నచూపు చూడకండి. రోజుకి అన్ని సీన్లు తీసే చోట కెమెరా అంటే భయం వారం రోజుల్లో పోతుంది. అయితే సీరియల్లో ఒక అలవాటు మిమ్మల్ని పాడుచేయగలదు, ప్రాంప్టింగ్. వెనకనుంచి డైలాగు అందిస్తారు, మీరు అందుకుని చెబుతారు. కొన్నాళ్లకి చెవి అటు వేసి, కన్ను ఎదుటివారి మీద పెట్టడం అలవాటవుతుంది. అలాంటి కన్ను చచ్చిన కన్ను. రెండు గంటల నాటకం కంఠతా పట్టగల మీకు ఆ అవసరం లేదు. కాగితం సెట్లో ఆఖరి నిమిషంలో చేతికొచ్చినా సరే, పక్కకి వెళ్లి పట్టేయండి, ప్రాంప్టింగ్ వద్దని వినయంగా చెప్పండి. రెండు రోజుల్లో అసోసియేట్ డైరెక్టర్లు మీ పేరు గుర్తుపెట్టుకుంటారు, ఎందుకంటే మీ వల్ల వాళ్లకి టైము మిగులుతుంది. తర్వాతి ప్రాజెక్టులో ‘ఫలానా ఆయన్ని పిలుద్దాం’ అనేది వాళ్లే. సినిమా విద్యార్థులు తీసే చిన్న చిత్రాలు కూడా చేయండి. వాళ్లకి అనుభవం లేదు, మీకూ లేదు. ఇద్దరూ తప్పులు చేసుకుంటూ నేర్చుకోవచ్చు, అక్కడ టేకులు లెక్కపెట్టేవాళ్లు ఉండరు.

ఆ డబ్బడిగిన మనిషికి ఫోన్ కూడా చేయకండి. నటుడికి డబ్బిస్తారు, నటుడి దగ్గర తీసుకోరు. రిజిస్ట్రేషన్ అనీ, పోర్ట్‌ఫోలియో అనీ, డిపాజిట్ అనీ, వేషం ఖాయమయ్యాక తిరిగిచ్చేస్తామనీ ఎన్ని పేర్లు పెట్టినా అది మోసమే. నాతో నాటకాలాడిన ఒక స్నేహితుడు భార్య నగలు కుదువపెట్టి ఇలాగే ఒకరి చేతిలో పోశాడు. లెటర్‌హెడ్ మీద అగ్రిమెంట్ రాసిచ్చారు, ముద్ర కూడా వేశారు. ఆ పేరుతో సినిమాయే లేదు. డబ్బు పోయిందని కాదు, ఆ తర్వాత అతను మళ్లీ ఏ స్టేజీ మీదా నిలబడలేకపోయాడు, అది నన్ను ఇప్పటికీ తొలుస్తుంది. ఎవరైనా ఫలానా సంస్థ తరఫున మాట్లాడుతున్నామంటే ఆ సంస్థ ఆఫీసుకి మీరే నేరుగా వెళ్లి అడగండి. నిజమైనవాళ్లు దానికి నొచ్చుకోరు.

ఇప్పుడు ఆ వీడియో. ఫోను అడ్డంగా పెట్టండి, మీ కళ్ల ఎత్తులో ఉండాలి. వెనక ఖాళీ గోడ. వెలుగు ముందునుంచి రావాలి, కిటికీకి ఎదురుగా కూర్చుంటే చాలు. ఛాతీ దాకా కనిపించాలి. పేరు, వయసు, ఎత్తు, వచ్చిన భాషలు మామూలుగా చెప్పండి, అనౌన్స్‌మెంట్ చేసినట్టు వద్దు. ఎదుటి పాత్ర మాటలు మీ భార్యని చదవమనండి, కెమెరా పక్కనే, గొంతు తగ్గించి. ఆమెని చూస్తూ మాట్లాడండి, కెమెరాలోకి చూడకండి. సీను రెండు రకాలుగా పంపండి, రెండోది మొదటిదానికి నకలు కాకూడదు. మొదటిదాంట్లో అతను కోపం దాచుకుంటున్నాడనుకుంటే, రెండోదాంట్లో భయం దాచుకుంటున్నాడనుకోండి. ‘దాచుకోవడం’ అన్నమాట గట్టిగా పట్టుకోండి, మీకు అదే మందు. మేకప్, విగ్గు వద్దు. ఫొటోలు కూడా మామూలు చొక్కాలో మూడు చాలు, ఎదురుగా ఒకటి, పక్కకి ఒకటి, నిలువెత్తు ఒకటి.

బహుమతి వచ్చిన నాటకం వీడియో మాత్రం పంపకండి. మీకు ప్రాణప్రదమైనదని తెలుసు. కానీ హాలు వెనకనుంచి తీసిన ఆ బొమ్మలో మీ ముఖం కనిపించదు, మైకుల హోరు వినిపిస్తుంది, చూసేవాళ్లకి ‘స్టేజీ’ అన్న మాటే గుర్తొస్తుంది. బహుమతుల సంగతి ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

తేదీల సంగతి. కొత్త నాటకానికి ముందు మాటిచ్చారు కాబట్టి నాటకమే ఆడండి. వీడియోతోపాటే ‘ఫలానా తేదీల్లో నాకు ప్రదర్శన ఉంది, మిగతా తేదీలు మీవి’ అని రాసేయండి. వాళ్లకి మీరు నిజంగా కావాలనిపిస్తే చిన్న వేషానికి రెండు రోజులు అటూ ఇటూ జరపడం పెద్ద పని కాదు, రోజూ చేస్తూనే ఉంటారు. ఎంపికయ్యాక చివరి నిమిషంలో చెబితే మాత్రం షెడ్యూలు తారుమారవుతుంది, రెండు చోట్లా మాటపోతుంది. ఒకవేళ ఈసారికి ఆ వేషం వేరే ఎవరికో వెళ్లినా బెంగపడకండి, ఇంకొక ఆడిషన్ ఉంటుంది. మీరు లేకపోతే మీ నాటకంలో మిగతావాళ్లకి ఇంకొక ప్రదర్శన ఉండదు.

ప్రదర్శన రోజున మొదటి వరుస పక్కన ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, మీరు మాట్లాడని చోట్ల మాత్రమే, ఎదుటివాళ్లు చెబుతుండగా మీ ముఖాన్ని ఫోన్‌లో దగ్గరగా తీయమనండి. ఆ వీడియో నాకు పంపండి. ఏదైనా తోస్తే రాస్తాను.